ముఖ్య అతిథికి హాజరు తక్కువ

సెమిస్టరు చివరి వారంలో నోటీసు బోర్డు దగ్గరికి ఎవరూ తమంతట తాముగా పోరు. పక్కవాడు చూసొచ్చి చెబితే, అప్పుడు తమకేమీ పట్టనట్టు నింపాదిగా నడుచుకుంటూ పోతారు. చిసోమోకు ఆ సుఖం కూడా దక్కలేదు. కాలేజీ గేటు దాటాడో లేదో ఫస్టియర్ పిల్లలు నలుగురు ఎదురొచ్చి, 'సోమన్నా, నీ పేరు బోర్డు మీద ఉండాది' అని బహుమతి వచ్చినంత సంబరంగా చెప్పారు.

చిసోమోది మలావీ. ఆఫ్రికాలో అదెక్కడుందో చెప్పి చెప్పి అలిసిపోయి, ఇప్పుడు ఎవరడిగినా ఆఫ్రికా అని ఊరుకుంటున్నాడు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, శనగ చేల మధ్య కట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. పేరు పలకడం కష్టమేమీ కాదు గానీ ఆ మాత్రం కష్టపడే ఓపిక ఎవరికీ లేక మొదటి వారంలోనే సోము అయిపోయాడు. అతనితో పాటు ఆ ఏడాది మరో ఐదుగురు విదేశీయులు చేరారు. ఎండలు చూసి ఇద్దరు, మెస్సు చూసి ఇద్దరు, ఏమీ చూడకుండానే ఒకడు, అందరూ బెంగుళూరు కాలేజీలకు మారిపోయారు. కాలేజీ బ్రోచరులో మాత్రం ఇప్పటికీ 'అంతర్జాతీయ విద్యార్థులు' అనే ఉంటుంది. ఆ విద్యార్థులందరూ సోము ఒక్కడే.

బోర్డు మీద కాగితం ఎండకు అప్పుడే ముడుచుకుపోతోంది. హాజరు నూటికి అరవై ఐదు దాటనివాళ్ళు పరీక్షలకు కూర్చోరాదు, డిటెయిన్డ్. సోముది యాభై ఎనిమిది. జాబితాలో ఇంకా పదీ పన్నెండు పేర్లున్నాయి, అతను చదవలేదు. అలాంటి కాగితం మీద ఎవరి పేరు వాళ్ళకు కనిపిస్తే చాలు, మిగతావన్నీ మసకబారతాయి.

అతనికి స్కాలర్‌షిప్పు వాళ్ళ దేశం నుంచి వస్తుంది. ఒక్క సెమిస్టరు తప్పినా అది ఆగిపోతుంది. అది ఆగితే చదువూ ఆగుతుంది, వీసా కూడా చెల్లదు. మూడేళ్ళు ఈ ఎండల్లో మాడి, డిగ్రీ లేకుండా ఇంటికి పోవడమే మిగులుతుంది. ఏడుపొస్తుందేమోనని సోము కాసేపు చూశాడు, రాలేదు. ఒళ్ళంతా బరువెక్కి, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు.

అతను బద్ధకస్తుడు కాదు, తాగుబోతు కాదు, సినిమాల పిచ్చి లేదు. మరి క్లాసులకు ఎందుకు పోలేదంటే, అతను ముఖ్య అతిథి.

నవ్వొస్తుంది గానీ నిజం. మొదటి ఏడాది ఆగస్టు పదిహేనుకు ప్రొద్దుటూరులో ఒక బడివాళ్ళు సరదాగా పిలిచారు. జెండా కింద సోము నిలబడిన ఫోటో పేపర్లో పడింది. అంతే, చుట్టుపక్కల మండలాలన్నింటికీ కన్ను కుట్టింది. ప్రొద్దుటూరులో బట్టల అంగడికి రిబ్బను కత్తిరించాలన్నా, జమ్మలమడుగులో బడి వార్షికోత్సవమన్నా, పులివెందుల పక్క పల్లెలో కబడ్డీ పోటీలన్నా, ఫ్లెక్సీలో ఒక విదేశీ ముఖం ఉంటే ఆ దర్జాయే వేరని అందరికీ తోచింది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తారు. కాలేజీకి పేరొస్తుంది గదా అని ఆయన పోయిరాప్పా అంటాడు. ఆ పోయిరావడానికి రోజంతా పడుతుంది. అసలు పెద్దమనిషి ఎవరో వచ్చేదాకా ఈ విదేశీ పెద్దమనిషి వేదిక మీద చెమటలు కక్కుకుంటూ కూర్చోవాలి. చివర్లో ఉన్ని శాలువా కప్పుతారు, ఏప్రిల్‌లో అయినా సరే. రావడం కుదరదని చెప్పడం సోముకు చేతకాదు. వాళ్ళ ఊళ్ళోనూ పెద్దవాళ్ళు పిలిస్తే పోకపోవడం తప్పే. పైగా మొదట్లో ఒంటరితనం ఉండేది, పిలిచినవాళ్ళు సంగటి పెట్టేవాళ్ళు. వాళ్ళ ఇంట్లో మొక్కజొన్న పిండితో చేసే ముద్దకూ ఈ రాగిముద్దకూ రంగులోనే తేడా. ఇడ్లీ ముందు ఓడిపోయిన మనిషి సంగటి ముందు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేవాడు.

శాలువా అయ్యాక మైకు చేతికిచ్చి, మీ భాషలో రెండు ముక్కలు చెప్పండి అంటారు. సోము వాళ్ళ చిచేవా భాషలో రెండు ముక్కలు చెబుతాడు. తొలి రోజుల్లో బుద్ధిగా కృతజ్ఞతలు చెప్పేవాడు. తర్వాత్తర్వాత విసుగెత్తి, ఆకలేస్తోందనో, ఈ కుర్చీ కోడు విరిగిందనో, ఆ డీజే ఆపండనో ఏది తోస్తే అది చెప్పేవాడు. పక్కన నిలబడి దాన్ని తెలుగు చేసేవాడు శివ.

శివది వల్లూరు, సేద్యం చేసుకునే కుటుంబం. సోముకు క్లాసులోనూ గదిలోనూ తోడు. వాడికి చిచేవాలో ఒక్క ముక్క రాదు, అయినా మైకు ముందు తడుముకోవడం ఎరగడు. 'ఈ అన్న ఏమంటాండాడంటే, వాళ్ళ దేశమంతా ఎదికినా జమ్మలమడుగోళ్ళంత మంచోళ్ళు దొరకరంట' అంటాడు. చప్పట్లు మోగిపోతాయి. సోముకు తెలుగు వచ్చేశాక కూడా, అదీ శివ నేర్పిన సీమ తెలుగే, ఈ ఏర్పాటు మారలేదు. తెలుగు మాట్లాడే విదేశీయుడు జనానికి అంత గట్టి విదేశీయుడుగా ఆనడు మరి. ఫోటోలు తీసే వేళకు శివ కిందికి దిగిపోయి డ్రైవర్లతో కూర్చునేవాడు. లేకపోతే, ఏయ్ పక్కకు జరుగప్పా అని ఫోటోగ్రాఫరే జరిపేవాడు.

ఆ రోజు మెట్ల మీద కూర్చున్న సోమును లేపి, సివిల్ హెచ్‌వోడీ వేదవ్యాస గదికి తీసుకుపోయింది కూడా శివే. వేదవ్యాస నియమం అంటే నియమం అనే మనిషి. హాజరు రిజిస్టరు ఆయన తన బల్ల సొరుగులో తాళం వేసి ఉంచుతాడు. కాలేజీలో చాలామంది పంతుళ్ళు సోమును ఫారిన్ స్టూడెంట్ అనే పిలుస్తారు. పేరంతా విడమరిచి పలికేది ఈయన ఒక్కడే.

"నువ్వు ఆ రోజుల్లో ఎక్కడున్నావో నాకు తెలుసు చిసోమో. పేపర్లో ఫోటోలు నేనూ చూశాను. నా రిజిస్టరుకు తెలియదు గదా," అన్నాడు ఆయన.

తర్వాత ఓపిగ్గా వివరించాడు. కాలేజీ పని మీద పోయిన రోజులను ఆన్ డ్యూటీ కింద హాజరు వేయవచ్చు. కానీ ప్రిన్సిపాల్ నోటితో పంపాడే తప్ప కాగితం మీద పంపలేదు. కాబట్టి పిలిచినవాళ్ళయినా, ఫలానా రోజున ఇతను మా దగ్గర ఉన్నాడని రాసివ్వాలి. వారం లోపల తెస్తే పేరు తీసేస్తానన్నాడు. గుమ్మం దగ్గర నిలబడిన శివ వైపు కళ్ళద్దాల పైనుంచి చూసి, నువ్వేమైనా చెప్పుకోవాలా అని అడిగాడు. ఏంలేద్సార్, సోముకు తోడొచ్చినా అన్నాడు శివ.

మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కారు. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, పొయ్యి సెగ. బడి హెడ్‌మిస్ట్రెస్ సీతమ్మ సోమును చూసి పొంగిపోయింది. ఆఫీసు గోడకు వార్షికోత్సవం ఫోటో పెద్దది కట్టించి పెట్టారు, మధ్యలో సోము, భుజాన శాలువా. ఆవిడ లెటరు రాయడానికి పది నిమిషాలు పట్టింది. అంతకు ముందు మాత్రం ఇంకా సెలవులకు పోకుండా మిగిలిన పిల్లలందరినీ పిలిపించి ఒక్కొక్కరి చేతా కరచాలనం చేయించింది. మధ్యాహ్నం దాటింది. శివ బయట చెట్టుకింద కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, వచ్చే బస్సు వేళ కనుక్కుని ఉంచాడు.

ప్రొద్దుటూరులో బట్టల అంగడి నూరుల్లా ఇంకా తేలిగ్గా ఇచ్చాడు గానీ, అంగడి ముందు నిలబెట్టి మరో ఫోటో తీసుకున్నాడు. మిగిలింది పులివెందుల దగ్గరి నారాయణ. కబడ్డీ పోటీలు ఆయన తండ్రి పేరు మీద జరిగాయి. మూడేళ్ళూ పిలిచాడు, పిలిచినప్పుడల్లా మూణ్ణాలుగు రోజులు తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆయన రాసివ్వకపోతే అరవై ఐదు దాటదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, అక్కడి నుంచి ఆటోలో పల్లెకు పోయేసరికి ఎండ నడినెత్తిన ఉంది. నారాయణ ఇంటి వసారాలో జనం బారులు తీరి ఉన్నారు. పైపులైను తగాదా ఒకరిది, పింఛను ఒకరిది. సోమును చూడగానే అందర్నీ దాటించి లోపలికి పిలిచారు. శివ వసారాలోనే ఆగాడు. సోము సంగతి చెబితే నారాయణ పెద్దగా నవ్వాడు. ఇంతదానికి కాగితాలేమిటికప్పా అని, అక్కడికక్కడే ప్రిన్సిపాల్‌కు ఫోన్ కలిపి, మా ఆఫ్రికా తమ్మునికి కష్టం రాగూడదు అని చెప్పాడు. లెటరు కూడా టైపు చేయించి సంతకం పెట్టాడు. వచ్చే ఏడు పోటీలకు తప్పకుండా రావాలని మాట తీసుకున్నాడు. తలూపడం తప్ప సోముకు ఇంకేం చేతనవుతుంది? అలసటతో మెడ వాలిపోయి ఊగినా ఆయన దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టేవాడు.

తిరుగు బస్సులో సోము శివ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ముద్దనూరులో ఎవరో సెల్ఫీ కోసం లేపబోతే శివ కసిరాడు. లెటర్లు నలగకుండా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కూడా వాడే.

నాలుగో రోజు కొత్త జాబితా వేశారు. ఈసారి సోము తనంతట తానే బోర్డు దగ్గరికి పోయాడు. అతని పేరు లేదు. మరోసారి పైనుంచి కిందికి చదివాడు, లేకపోవడం కూడా చదువుకోవడానికి ఎంత హాయిగా ఉంటుందో చూద్దామన్నట్టు. ఆ హాయిలోనే, కింది నుంచి రెండో పేరు దగ్గర అతని చూపు ఆగింది. శివ, వల్లూరు. యాభై తొమ్మిది.

అది కొత్తగా చేరిన పేరు కాదు. మొదటి కాగితంలోనూ ఉండే ఉంటుంది. తను వేదిక ఎక్కిన ప్రతి రోజూ వీడు కింద కూర్చున్నాడు. తను పోగొట్టుకున్న ప్రతి క్లాసూ వీడూ పోగొట్టుకున్నాడు. మూడు ఊళ్ళు తనతో తిరిగి, తన హాజరు సంపాదించి పెట్టి, తన సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. తనకు అడగాలని కూడా తోచలేదు. సోముకు సిగ్గుతో చెవులు మండాయి.

వాళ్ళ గది ప్రొద్దుటూరులో చాంద్‌బీ ఇంటి పైన ఉంది. సోము మెట్లెక్కి వచ్చేసరికి శివ బట్టలు సంచిలో కుక్కుతున్నాడు.

"నీ పేరు గూడా ఉండాదని నాకేమిటికి చెప్పలేదు?"

"బోర్డు మీద ఏసినారు గదప్పా. మళ్ళా నేను దండోరా ఎయ్యాల్నా?"

"ఆ లెటర్లలో నీ పేరు గూడా రాయించుకోనుంటే అయిపోయేది గదా."

"నన్నెవురు పిలిచినారు? పిలిచింది నిన్ను. నేను నీ ఎనకాల వచ్చినా." శివ సంచి జిప్పు లాగాడు, అది సగంలో ఇరుక్కుంది. దాంతో పెనుగులాడుతూనే అన్నాడు. "నాకైతే ఒక ఏడాది పోతాది. ఊరికి పోయి మా నాయనతో సేన్లో పంజేసి, మళ్ళా వచ్చి కూర్చుంటా. నీకు సదువే పోతాది. నా ఏడుపు గూడా నీకు జెప్పింటే, నువ్వు ఆ ఊర్లు తిరిగేటోడివా?"

సోముకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక అది వాడి మీదే చూపించి, నువ్వు శానా పెద్ద మూర్ఖుడివి అని తిట్టాడు. ఆ మాట కూడా శివ నేర్పిందే.

మర్నాటి నుంచి సోము మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు, ఈసారి ఒంటరిగా. సీతమ్మకు ఫోన్ చేస్తే, మీతో వచ్చినబ్బాయా, డ్రైవరు గదా అంది. కాదని చెబితే, ఎవరో తెలియని పిల్లవాడి పేరు మీద బడి లెటరు ఇవ్వడం బాగుండదేమోనని ఎంతో మర్యాదగా నొచ్చుకుంది. నారాయణ అయితే, ఒకనికి చేస్తే ఊర్లో పిల్లోళ్ళందరూ నా వసారాలోనే పండుకుంటారప్పా అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ప్రిన్సిపాల్ తల కూడా ఎత్తకుండా, నీది అయిపోయింది గదా, పోయి చదువుకోమన్నాడు. చివరికి వేదవ్యాస దగ్గరికి పోయాడు. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"వాణ్ణి పిలిచినవాళ్ళు లేరు, పంపినవాళ్ళు లేరు. పాపం అనిపించినవాడికల్లా నేను రాసుకుంటూ పోతే రేపు ఈ రిజిస్టరును ఎవరూ నమ్మరు. ప్రిన్సిపాల్ గారు సంతకం పెడతానంటే చాలు, ఆ నిమిషంలో రాస్తాను," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం కూడా ఏమంత సుఖంగా లేదు.

ఆ రాకపోకల్లో సోము చదువు అటకెక్కింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నాయి. అన్నం కూడా సగంలో వదిలేస్తుంటే చాంద్‌బీ, పిల్లోడు ఎండిపోతాండాడు అని పైకి మజ్జిగ పంపింది. శివ మాత్రం ఊరికి పోవడం రెండు రోజులు వాయిదా వేసుకుని, సోముకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. డిటెయిన్ అయినవాడు చదువుతుంటే పాసవ్వాల్సినవాడు గోడకానుకుని కళ్ళు మూసుకునేవాడు. వాడి గొంతు వినడం సోముకు పాఠం కంటే కష్టంగా ఉండేది.

ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. ఎక్కడెక్కడి నుంచో ముగ్గురు పెద్దలు వచ్చి కాలేజీకి గ్రేడు వేస్తారట. గోడలకు సున్నం పడింది, ఎండిన తొట్లలోకి పూలమొక్కలొచ్చాయి. సోముకు కోటు తొడుక్కొని సెమినార్ హాల్లో ముందు వరసలో కూర్చోమని ప్రిన్సిపాల్ నుంచి కబురు. దాంతో పాటే, ఆ ట్రాన్స్‌లేట్ చేసే పిల్లోణ్ణి గూడా పిల్చుకొని రమ్మని చెప్పించాడు. డిటెయిన్ అయినవాడు క్లాసులో కూర్చోకూడదు గానీ, కమిటీ ముందు నిలబడవచ్చన్నమాట. శివ సోము చొక్కాల్లో ఇస్త్రీ ఉన్నదొకటి తీసి తొడుక్కుని బయలుదేరాడు.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆరడం లేదు. కమిటీకి పెద్దగా వచ్చిన మేడం వయసు మీద పడిన మనిషి. అన్నీ చూసి, అందరూ చెప్పేవి విని, ఆవిడా అలిసిపోయినట్టే ఉంది. పక్క గోడ దగ్గర వేదవ్యాస రిజిస్టర్లన్నీ పేర్చుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ అంతర్జాతీయ విద్యార్థుల గురించి ఘనంగా చెప్పి సోమును పిలిచాడు. మేడం కూడా అందరి లాగే అడిగింది, కాలేజీ గురించి మీ భాషలో రెండు మాటలు చెప్పండి, వినాలనుంది అని.

సోము మైకు తీసుకున్నాడు. రెండు మాటలతో ఆపలేదు.

అతనలా మాట్లాడటం ఆ కాలేజీలో ఎవరూ వినలేదు. మూడేళ్ళుగా అరువు భాషల్లో పొదుపుగా నడుచుకున్న మనిషి, తన భాషలో పడేసరికి పరుగెత్తాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ పరుగు మధ్యలో తెలిసిన మాటలు కొన్ని తగులుతూ వచ్చాయి. జమ్మలమడుగు. పులివెందుల. శివ. అటెండెన్స్. శివ. వల్లూరు. డిటెయిన్డ్. మళ్ళీ శివ. ప్రిన్సిపాల్ చిరునవ్వు కొద్దికొద్దిగా ఎండిపోయింది. పక్కన నిలబడిన శివ ముఖం ఎర్రబడింది, వాడి చూపు నేలలోకి దిగిపోయింది.

సోము ఆగాడు. మేడం కుర్చీలో ముందుకు వంగి, ఏమన్నాడు అని శివను అడిగింది.

శివ గొంతు సవరించుకున్నాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు, సోము వైపు చూడలేదు. "కాలేజీ శానా బాగుండాదంట మేడం. సార్లందరూ సొంత బిడ్డ మాదిరి చూసుకుంటాండారంట," అన్నాడు. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి.

"అబద్ధం జెప్తాండాడు మేడం."

మైకులోంచి వచ్చిన ఆ సీమ తెలుగు విని మేడం ఉలిక్కిపడింది. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగాయి.

"మూడేండ్ల నుంచి ఈడు ఇట్లనే అబద్ధాలు జెప్తాండాడు, నా కోసరం," అన్నాడు సోము. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "నన్ను ఈ కాలేజీ యాడికి పంపిచ్చినా నా పక్కన ఈడే నిలబన్న్యాడు. నాకు హాజరేసినారు, ఈనికి ఎయ్యలేదు. నేను జెప్పింది ఇదొకటే మేడం. ఈడు దీన్ని తెలుగు జెయ్యడు, సచ్చినా జెయ్యడు. అందుకే నేనే జేస్తాండా."

మేడం ప్రిన్సిపాల్ వైపు తిరిగి, విదేశీ విద్యార్థికి తోడుగా ఒక విద్యార్థిని ఏర్పాటు చేశారా, అది మంచి పద్ధతే, దానికి రికార్డు ఎక్కడుంది అని మామూలుగానే అడిగింది. ఆ మామూలు ప్రశ్నకు ప్రిన్సిపాల్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. లేదంటే ఒక తంటా, ఉందంటే ఇంకో తంటా. ఉందండీ, ఆ అబ్బాయివి కూడా ఆన్ డ్యూటీ రోజులేనండీ, ఎంట్రీ జరుగుతోంది అనేశాడు.

గోడ దగ్గర నుంచి వేదవ్యాస ఒకడుగు ముందుకు వేశాడు. "జరుగుతోందండీ," అంటూ అక్కడే బల్ల మీద రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశాడు. రాయడం పూర్తయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు. తర్వాత దాన్ని ప్రిన్సిపాల్ ముందు పెట్టి సంతకం చోటు వేలితో చూపించాడు. మేడం చూస్తుండగానే ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు.

కమిటీ భోజనాలకు లేచింది. సోమూ శివా ఎవరి కంటా పడకుండా బయటపడి, గేటు ముందు బస్సు కోసం నిలబడ్డారు. నీడ లేదు. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. శివ తిట్లు మొదలుపెట్టాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. నాలుగు రోజుల్లో పరీక్షలు, సగం పుస్తకాలు జూనియర్లకు పంచిపెట్టేశాను, ఇప్పుడు దేంతో చదవాలన్నాడు. నాయన పొలానికి వస్తానని ఎదురుచూస్తున్నాడు, ఆయనకేం చెప్పాలన్నాడు. సోము అన్నింటికీ తలూపాడు. నిలబడే శక్తి కూడా లేక గేటు దిమ్మె మీద కూర్చున్నాడు.

తిట్లు అయిపోయాయి. శివ రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"అంతసేపు మీ భాషలో ఏం జెప్పినావు? నా పేరు శానా సార్లు ఇనపడింది."

మూడేళ్ళలో వాడు అలా అడగడం అదే మొదటిసారి. ఎన్ని వేదికలెక్కినా, సోము అసలేమన్నాడో వాడికి ఎన్నడూ అక్కర్లేకపోయింది. జనానికి ఏం కావాలో అది చెప్పి దిగిపోయేవాడు.

"హాజరు గురించి కొంచెమే జెప్పినా," అన్నాడు సోము. "మిగతాది మాయమ్మకు జెప్పినట్ల జెప్పినా. అంత దూరంలో నీకెవురుండారురా అని ఫోన్ జేసినప్పుడల్లా ఏడుస్తాది. శివ ఉండాడు అని జెప్పినా. వల్లూరోడు, నాకు జరమొస్తే రాత్రంతా కూసున్న్యాడు, నాకు సంగటి తినేది నేర్పిచ్చినానని అనుకుంటాండాడు గానీ అది నాకు ముందే వచ్చు అని జెప్పినా. వాడు ఈ ఊరు ఇడిసి పోతే నేను గూడా ఉండలేనని జెప్పినా."

శివకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ముఖం కూడా తిప్పుకోలేదు. తను తొడుక్కున్న సోము చొక్కా చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. బస్సొచ్చింది, కూర్చోవడానికి సీట్లు లేవు. ఇద్దరూ కమ్మీలు పట్టుకుని ప్రొద్దుటూరు దాకా నిలబడే పోయారు.